ఇంజిన్‌కి పార్సిల్ ముడి

వాల్వు నానుతోంది. బాగా నాననివ్వు, తొందరపడి తీయకు, రోడ్డు మీది షాపులో రబ్బరు పైపు ముక్క తెస్తాను అని చెప్పి నాన్న సైకిలెక్కి వెళ్ళాడు, నేను రేకుల షెడ్డులో పీట వేసుకుని కిరోసిన్ బేసిన్‌కి కాపలా కూర్చున్నాను. బేసిన్ అడుగున ఆ వాల్వు నా బొటనవేలంత ఉంది, నీళ్ళలో సిరా విడిచినట్టు దాన్నించి నల్లటి జిడ్డు తీగలు తీగలుగా వదులుతోంది. ఇంత చిన్న ముక్క మీద మా ముసలి కారు ఆధారపడి ఉంది, కారు మీద నేను ఆధారపడి ఉన్నాను. కారు నడిస్తే పొద్దున నాన్నతో టౌన్‌కి వెళ్ళి, కాలేజీలో దిగి, సాయంత్రం నాన్నతోనే ఇంటికి వస్తాను. నడవకపోతే హాస్టల్. మా వైపు బస్సు రాదు. నాన్న ఎవరి మోటారు సైకిల్ వెనకో కూర్చుని పార్సిల్ ఆఫీసుకి పోగలడు, కానీ ఆ వెనక నాకు ఇంకో వెనక ఉండదు కదా. హాస్టల్‌ని అమ్మ నాకు చూపించింది, గదికి పదకొండు మంచాలు, వరండా చివర ఒకే కుళాయి, వార్డెన్ నవ్వుతూ చెప్పింది, ఇక్కడ ఎవరికి కావాల్సింది వాళ్ళు గట్టిగా అడిగి తీసుకోవాలమ్మా అని, నేను తలూపాను, అమ్మ నా తలూపుడు చూసి, వినబడిందా, గట్టిగా అట, అంది.

గట్టిగా. నాకు మాటలు రాక కాదు, వస్తాయి, గొంతు దాకా వచ్చి అక్కడ వరసలో నిలబడతాయి, ముందు ఏది వెళ్ళాలో తేల్చుకునేసరికి బయట విషయం మారిపోయి ఉంటుంది. బళ్ళో సైన్సు టీచర్ ఒకసారి ప్రశ్న వేస్తే జవాబు నాకొక్కదానికే తెలుసు, లేచి నిలబడేలోగా గంట కొట్టారు, జవాబు లోపల ఉండిపోయి రాత్రంతా కడుపులో తిరిగింది, మర్నాడు లెక్కల పీరియడ్‌లో నా పేరు పిలవగానే లేచి కిరణజన్య సంయోగక్రియ అనేశాను, లెక్కల సారు సుద్దముక్క కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. ఆ మధ్య చెప్పులు కొంటే ఇంటికొచ్చి చూసుకుంటే రెండూ ఎడమ కాలివే, తిరిగి వెళ్ళి మార్చమని అడగడం కన్నా అవే నయమనిపించి వానాకాలమంతా వాటితోనే తిరిగాను, నడిచినప్పుడల్లా కుడికాలు ఎడమకాలి వైపు వంగి ఏదో రహస్యం చెబుతున్నట్టుండేది. అడగందే అమ్మయినా పెట్టదే అంటుంది అమ్మ, నోరు మంచిదైతే ఊరు మంచిది అంటుంది, నా నోరు మంచిదో చెడ్డదో తెలియాలంటే ముందు అది తెరుచుకోవాలి కదా అని నాయనమ్మ అంటుంది, వాళ్ళిద్దరూ ఒకమాట మీద ఉండేది నా విషయంలోనే.

జిడ్డు ఇంకా వదులుతూనే ఉంది. ఇంజిన్ కూడా ఊపిరి పీలుస్తుందట. పార్సిల్ ఆఫీసుకి వచ్చే ఒక లారీ డ్రైవర్ చెప్పాడని నాన్న చెప్పాడు, లోపల నూనె వేడెక్కి ఆవిరి పుడుతుందట, ఆ ఆవిరిని ఈ వాల్వులోంచి, దీనికి తగిలించిన పైపులోంచి ఇంజిన్ తనే లాగేసుకుని కాల్చేస్తుందట, ఈ దారి పూడుకుపోతే లోపలి గాలి ఎటు పోవాలో తెలియక నూనెని వెంటేసుకుని దొరికిన సందులోంచల్లా బయటికి వస్తుందట. మెకానిక్ మాత్రం బానెట్ ఎత్తి, ముక్కు మూసుకుని, ఇంజిన్ దించాల్సిందే అన్నాడు. ఇంజిన్ దించే స్థోమత మనకి లేదు, బండినే దించేద్దాం అంది అమ్మ, రాత్రే కబురు పెట్టింది పాత ఇనుము కొనే ఆయనకి. అమ్మ కోపమూ అన్యాయం కాదు, తను కుట్టిన జాకెట్ల మూట వెనక సీట్లో పెడితే దిగేసరికి జాకెట్లన్నీ వాసన, చేయి తగిలితే మరక, ఎవరో ఒకావిడ జాకెట్ వాసన చూసి, దీన్ని కుట్టారా, వేయించారా అని అడిగిందట. అందుకే అమ్మ నాన్నకి ఒక పరీక్ష పెట్టింది. లైనింగ్ కోసం తెచ్చిన తెల్లగుడ్డ ఇంజిన్ కింద పరుస్తుంది, ఇంజిన్ నడుస్తుండగా దాని మీద ఒక్క చుక్క నూనె పడిందా, బండి ఆ పాత ఇనుము ఆయన తాడుకి, పిల్ల హాస్టల్‌కి. గుడ్డ అప్పుడే పరిచేసింది, నాలుగు మూలలా ఇటుకలు కూడా పెట్టింది, చీకటి షెడ్డులో అది మెరిసిపోతోంది.

ఆ పాత ఇనుము ఆయన వచ్చేశాడు. అందరూ ఆయన్ని కాటా అంటారు, దేన్ని చూసినా బరువు చెప్పేస్తాడని. పొద్దెక్కాక రమ్మంటే పొద్దు ఎక్కుతుండగానే వచ్చి, అరిగిన టైరు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ మా కారుని చూస్తున్నాడు, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కాదు, కోడిని కొనేవాడు చూసినట్టు. నాకూ ఆయనకీ మధ్య బేసిన్ ఒక్కటే ఉంది. ఏం చదువుతున్నావు పాపా అన్నాడు. ఇక్కడి బడి అయిపోయిందండీ, కాలేజీలో చేరాలండీ, మీరు ఈ కారు తీసుకెళ్ళకపోతే ఇంట్లోంచి వెళ్ళి చదువుకుంటానండీ, ఇదంతా చెప్పాను, లోపల. ఆయన కాసేపు చూసి, ముప్పై ఎనిమిదుంటావా అన్నాడు, వయసు అనుకుని ఉలిక్కిపడ్డాను, తర్వాత అర్థమైంది, కిలోలు. వరండాలో మంచం మీద పడుకున్న నాయనమ్మ తలెత్తి, మరి నన్ను చెప్పు అంది.

"నలభై రెండు, పెద్దమ్మా."

"మంచంతో కలిపా, విడిగానా?"

"విడిగానే."

"కళ్ళు పోయాయా నీకు? నా కాళ్ళ నొప్పులే పది కిలోలుంటాయి."

వాళ్ళు బరువుల మీద పడ్డారు, నేను ఊపిరి పీల్చుకున్నాను, నా వంతు అయిపోయింది. ఇప్పుడు వాల్వుని బ్రష్‌తో తోమాలి. బ్రష్ నాయనమ్మది, పళ్ళు ఎప్పుడో పోయినా బ్రష్ మాత్రం కొత్తది కొనిపించుకుని చిగుళ్ళ మీద గౌరవంగా తిప్పుకుంటుంది, పాతవన్నీ కుచ్చు చెదరకుండా ఇలా బండి పనికి వస్తాయి. తోముతుంటే నలుపు కింద నుంచి తెల్లటి లోహం బయటపడుతోంది, ముఖం కడిగిన పిల్లాడిలాగ, చెవి దగ్గర పెట్టి ఊపాను, పొద్దున ఇంజిన్‌లోంచి తీసినప్పుడు చప్పుడే లేదు, రాయి ఊపినట్టుంది, ఇప్పుడు టక్ టక్ మంటోంది, లోపల చిన్న గుండు అటూ ఇటూ కదులుతోంది, బతికింది. ఒకవైపు నుంచి ఊదితే గాలి పోతోంది, రెండోవైపు నుంచి పోవడం లేదు, అలాగే ఉండాలట, నాలుక మీద మాత్రం కిరోసిన్ రుచి పడింది, ఉమ్మితే కాటా చూస్తాడని మింగాను. పైపుని కిరోసిన్‌లో వేయలేదు, రబ్బరు ఉబ్బిపోతుందని డ్రైవర్ చెప్పాడట, సబ్బు నీళ్ళతో కడిగి, తీగకి గుడ్డముక్క చుట్టి లోపలంతా తోశాను, గుడ్డ తారులా వచ్చింది, మళ్ళీ తోశాను, బురదలా వచ్చింది, మళ్ళీ తోస్తే టీ రంగులో వచ్చింది, అది చాలు. అన్నీ శుభ్రం అయ్యాయి. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఇంజిన్ నెత్తి మీద ఉంది, నూనె పోసే చోట పెట్టే మూత, మూత చుట్టూ చిన్న చిన్న చిల్లులు, లోపల జాలీ. చెత్త గాలి వాల్వులోంచి బయటికి పోతే మంచి గాలి లోపలికి ఆ చిల్లుల్లోంచే రావాలి, లేకపోతే చిల్లులు ఎందుకు పెడతారు. కానీ మా నాన్న ముప్పొద్దులా పార్సిళ్ళు కట్టే మనిషి, తెరిచి ఉన్నది ఏది కనబడినా ఆయన చేతులు ఊరుకోవు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి కవరు, కవరు చిరగకుండా దాని మీద ఇంకో కవరు, నొక్కితే ఏ ఛానల్ వస్తుందో అదృష్టం. గడియారానికి కవరు, గొడుగుకి కవరు, వాన వస్తే గొడుగు తడుస్తుందని తీయడు. నాయనమ్మ కళ్ళజోడుకి కూడా వేయబోతే, ఒరేయ్, దాంట్లోంచి చూడాలిరా అని అరిచింది. అలాంటి మనిషికి కారు మూతకి చిల్లులు కనబడ్డాయి. దుమ్ము పోదూ అని మందపాటి ప్లాస్టిక్ కవరు దాని నెత్తిన తొడిగి రబ్బరు బ్యాండు వేశాడు. అది ఎంత ప్రేమగా వేశాడో నేను చూశాను, దుప్పటి కప్పినట్టు అంచులు సర్ది మరీ. ఆ తర్వాతే నూనె కారడం మొదలైంది, నూనె ఎంతుందో చూసే కడ్డీ దానంతట అది పైకి లేవడం మొదలైంది, నాన్న ఆ కడ్డీని కూడా దారంతో కట్టేశాడు. నేను వంటింట్లో కుక్కర్ ముందు నిలబడి ఒకరోజు గుర్తుపట్టాను, విజిల్ రాకుండా నొక్కిపెడితే ఏమవుతుందో అదే ఇది. చెప్పాలి. ఎవరికి? నాన్నకి. ఏమని? నాన్నా, మీరు ప్రేమగా కప్పిందే దాని గొంతు నొక్కుతోంది అని. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, ఉలుకు సంగతి సరే, నాన్న ముఖం ఎలా అవుతుంది, ఊళ్ళో అందరూ ఈయన కట్టిన పార్సిల్ సముద్రం దాటినా చెదరదు అంటే చెవులు ఎర్రగా చేసుకుని నవ్వే ముఖం అది. అందుకని చెప్పలేదు, చడీచప్పుడు లేకుండా ఆ కవరు తీసి పారేశాను. మర్నాడు నాన్న చూసి, ఎలుక, అన్నాడు. ఇంకా మందపాటిది వేశాడు. అదీ తీసేశాను. ఎలుక ముదిరింది, అన్నాడు. ఈసారి టేపు చుట్టి, దాని మీద పురికొసతో ఆఫీసులో వేసే ముడి వేశాడు, అది విప్పడానికి రాదు, కొయ్యాల్సిందే. కోస్తే ఎలుక మీదికి నెట్టలేను, ఎలుక కత్తెర వాడదు. ఈ పొద్దున కూడా, నాన్నా మూత కూడా తీసి కడుగుదామా అని గొణిగాను, అదెందుకమ్మా, మూసి పెట్టానుగా, శుభ్రంగానే ఉంటుంది అన్నాడు, ఎంత ధీమాగా అన్నాడంటే నాకే ఒక్క క్షణం నిజమనిపించింది.

సైకిల్ బెల్లు. నాన్న వచ్చాడు, చెమటతో, చేతిలో పైపు ముక్క, అది కూడా కవర్లో. వాల్వు ఊపి వినిపించాను, టక్ టక్, నాన్న ముఖం వెలిగింది. బాణం గుర్తు ఎటుండాలో చూసి వాల్వు దాని రబ్బరులో కూర్చోబెట్టాను, నాన్న పాత పైపు చివర కొత్త ముక్క తగిలించి తొడిగి క్లిప్పు బిగించాడు, మా నాలుగు చేతులూ ఒకదానికొకటి అడ్డం రాకుండా పని చేస్తుంటే ఎంత బాగుందో, ఇలాగే ఉండిపోతే బాగుండును, స్టార్ట్ చేయకుండా, చుక్క పడకుండా. అమ్మ మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చి గుడ్డ పక్కన గొంతుక్కూర్చుంది. కాటా తాడు చుట్ట విప్పుతున్నాడు. నాయనమ్మ, ఆగండి, నేను వచ్చేదాకా మొదలెట్టొద్దు అని మంచం దిగుతోంది. నాన్న మూత వైపు చూసి, పురికొస కొంచెం వదులైనట్టుందే అనుకుని జేబులోంచి ఇంకో దారం తీశాడు. నాన్నా, అన్నాను. ఎవరికీ వినబడలేదు, నాకే సరిగ్గా వినబడలేదు. దారం మూత చుట్టూ ఒకసారి తిరిగింది. గొంతులో మాటలన్నీ వరసలో ఉన్నాయి, ముందెవరు, నువ్వా నేనా, మర్యాదగా దారి ఇచ్చుకుంటున్నాయి, దారం రెండోసారి తిరిగింది, ఎడమకాలి చెప్పులు, కిరణజన్య సంయోగక్రియ, పదకొండు మంచాలు, వరండా చివర కుళాయి, నాన్న బొటనవేలితో ముడి నొక్కిపట్టాడు.

"నాన్నా! వద్దు! కట్టొద్దు!"

అది నా గొంతే. షెడ్డు రేకులు మోగాయి. కాటా చేతిలో తాడు జారింది. నాయనమ్మ మంచం పట్టె పట్టుకుని ఆగిపోయింది. నాన్న ముడి మీద వేలు అలాగే ఉంచి నా వైపు తిరిగాడు, ఎవరైనా వెనక నుంచి వచ్చారేమోనని నా వెనక కూడా చూశాడు.

"దానికి ఊపిరాడట్లేదు నాన్నా. ఆ చిల్లులు గాలి కోసం. మీరు కప్పారు, అందుకే లోపల ఉబ్బి నూనె కారుతోంది. కడ్డీ లేవడం అందుకే. ఎలుక... ఎలుక లేదు నాన్నా. ఎలుక నేనే."

 అమ్మ నవ్వు ఆపుకోవడానికి తెల్లగుడ్డ అంచు నోట్లో పెట్టుకుంది, తన పరీక్ష సంగతి గుర్తొచ్చి తీసేసింది. నాన్న మూత వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత చేయి చాచాడు, అమ్మ నడుముకి దోపుకున్న కత్తెర తీసి ఆ చేతిలో పెట్టింది. ముడి కొయ్యడం నాన్నకి ఎంత కష్టమో, జీవితంలో తన ముడి తాను కోసుకోవడం అదే మొదలేమో, కత్తెర మూడుసార్లు జారింది. కవరు ఊడగానే అందులో చిక్కుకున్న గాలి ఉస్సుమంది, నిజంగా, కాటా కూడా విన్నాడు, ఎవరో లోపల ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్నట్టు. మూత తిప్పి తీస్తే జాలీ నిండా కాఫీ రంగు మీగడ. నాయనమ్మ తొంగి చూసి, శుభ్రంగానే ఉంటుందన్నావు, ఇదేమిట్రా, అంది. నాన్న మూత నాకిచ్చాడు, నేను బేసిన్‌లో వేసి తోమాను, దులిపాను, గుడ్డతో ఒత్తాను, చిల్లుల్లోంచి వెలుతురు కనబడింది.

నాన్న ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అది దగ్గింది, తుమ్మింది, తర్వాత నడిచింది. దారం విప్పేసినా కడ్డీ కదల్లేదు. మేమందరం గుడ్డ చుట్టూ వంగాం, కాటా కూడా, ఒకరి తలకి ఒకరి తల తగిలేలాగ. తెలుపు. తెలుపు. ఇంకా తెలుపే. అప్పుడు ఒకటి పడింది. నల్లగా, గుండ్రంగా, సరిగ్గా నడిమధ్య.

"పడింది," అంది అమ్మ.

"అది ఇప్పటిది కాదు," అన్నాను నేను, ఆశ్చర్యం, ఈసారి మాటలు వరసలో ఆగలేదు, తోసుకుంటూ వచ్చేశాయి, "అది నిన్నటిది, కింద పట్టుకుని వేలాడుతూ ఉంది, వేడికి జారింది. ఇంజిన్ అడుగంతా పాత నూనె ఉంది, అది తుడవకుండా ఎలా చెబుతావు? నిన్నటి గిన్నెలు కడగకుండా ఈరోజు వంట బాగాలేదంటావా? తుడిచి చూడు. తుడిచాక పడితే తీసుకెళ్ళమను." చెబుతూనే గుడ్డపీలిక తీసుకుని కారు కిందికి దూరిపోయాను, తుడిచాను, బయటికొచ్చి మళ్ళీ నిలబడ్డాను, అందరూ ఇంకా నన్నే చూస్తున్నారు. చూశాం. ఇంజిన్ నడుస్తూనే ఉంది. రెండో చుక్క పడలేదు. కాటా మోకాళ్ళు పట్టుకుని లేచాడు, తాడు చుట్టుకున్నాడు, ఈ ఇంట్లో తూకం వేయడానికి ఏమీ లేదక్కా, అని అమ్మతో అన్నాడు, నాయనమ్మ వైపు చూసి నమస్కారం పెట్టి, యాభై రెండు, అని దిద్దుకున్నాడు, నాయనమ్మ ఇప్పటికి తెలిసింది అన్నట్టు తలాడించింది.

బతికాం అనుకున్నాను. అమ్మ మాత్రం తెల్లగుడ్డ మడతపెడుతూ నన్ను తేరిపారా చూస్తోంది, కొలతలు తీసుకునేటప్పటి చూపు అది. "ఇంత నోరు పెట్టుకుని హాస్టల్‌కి భయమేమిటే? అక్కడి కుళాయి మొత్తం నువ్వే పట్టుకుంటావు."  మాట్లాడకపోతే బండి పోయి హాస్టల్, మాట్లాడితే నోరుందని హాస్టల్, కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయాను. లేదమ్మా, అన్నాను, నాకు మాట్లాడటం రాదు, ఇప్పుడేదో వచ్చేసింది గానీ నిజంగా రాదు, వార్డెన్ ముందు ఒక్క ముక్క రాలేదు చూశావుగా, కాటా అడిగితే ఏం చదువుతున్నానో కూడా చెప్పలేకపోయాను, రావాలంటే రాదు, వచ్చినా లెక్కల పీరియడ్‌లో సైన్సు వస్తుంది, చెప్పుల సంగతి గుర్తులేదా, అంటూ ఆపకుండా, గాలి పీల్చకుండా, నాకు మాట్లాడటం ఎందుకు రాదో ఒక్కొక్కటీ రుజువు చేస్తూ పోయాను, నాయనమ్మ అరచేయి చెంపకి ఆనించి విని, రాకపోతేనే ఇంత, వస్తే ఏమయ్యేదో తల్లీ, అంది.

అమ్మ నవ్వేసింది. "సరే, బండిలోనే పో. కానీ ఇక నుంచి దీనికి ఏమైనా అయిందా, మెకానిక్ దగ్గరికి నాన్న వెళ్ళడు, నువ్వే వెళ్ళి నువ్వే చెప్పాలి. ఇంజిన్ దించుతానంటే ఎందుకు దించాలో నువ్వే అడగాలి." మెకానిక్. ముక్కు మూసుకునే మెకానిక్. చేతుల్లో కిరోసిన్ చల్లగా అయిపోయింది. తలూపాను. వినబడలేదు, అంది అమ్మ. సరే, అన్నాను, గట్టిగా.

అమ్మ లోపలికి వెళ్ళింది, మిషన్ చప్పుడు మొదలైంది.  నాన్న ఇంజిన్ ఆపేసి, కోసిన పురికొస ముక్కలు ఏరుకుని, కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపమా, చిన్నతనమా, నాకు ముఖం కనబడడం లేదు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చేతులు తుడుచుకుని బానెట్ పట్టుకుని దించబోయి, సగంలో ఆగిపోయాడు. దాన్ని అలాగే ఎత్తి పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఇది మూయొచ్చా అమ్మా?"

"ఆ," అన్నాను. "అది మూయొచ్చు నాన్నా."